మెదడు చేసికొను సర్దుబాటు

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ కూడలి వఱకు, మెట్రో స్తంభములకు ఇరువైపుల, పోటీపరీక్షల శిక్షణాలయముల బోర్డులకును, హాస్టళ్ళ మెట్లకును, బట్టల దుకాణములకును నడుమ వెలసియున్న మెడికల్ షాపులలో ఏ సాయంకాలమైనను కాసేపు నిలిచి చూచినచో, బి.పి. మాత్రల నడుమ, షుగరు మాత్రల నడుమ, ఎస్సిటాలోప్రామ్, ఓలాంజపిన్, క్లోనజిపామ్ వంటి మనోరోగౌషధములును నిస్సంకోచముగా చేతులు మారుచుండుట కనబడును. ఇవి దేనికని అడిగినచో, చదువుకొన్నవారు "మెదడులో కెమికల్స్ బ్యాలెన్స్ తప్పినాయట" అందురు. నల్లగొండ వైపునుండియు, ఇబ్రహీంపట్నము వైపునుండియు బస్సు దిగి వచ్చినవారు "నరాల గోలీలు" అని ఊరకుందురు. మొదటి మాట శాస్త్రీయముగ వినబడును గాని, రెండింటిలో తక్కువ చెప్పి తక్కువ తప్పునది రెండవదియే.

మెదడునందలి నాడీప్రసారకములకును, ఈ మందులకును గల సంబంధమును గుఱించి డెబ్బది యేండ్లుగా పేరుకొన్న విజ్ఞానమును ఒకమారు కలయజూచి, ఆ మొదటి మాటలో నిజమెంతయో తేల్చుకొనుటయే ఇక్కడి ఉద్దేశము. మందు మెదడులోని ఏదో లోటును పూడ్చునన్న భావన సరియైనది కాదనియు, మందు ఒక కదలికను మాత్రమే కలిగింపగా మెదడు దానికి ఎదురుగా తన్ను తాను సర్దుకొనుననియు, రోగికి కలుగు మేలులో గాని కీడులో గాని పెద్దపాలు ఆ సర్దుబాటునుండియే పుట్టుననియు నా యభిప్రాయము.

నాడీకణములు ఒకదానితో నొకటి రసాయనద్రవ్యముల ద్వారా మాటలాడుకొనునని తేలినది 1921లో. గ్రాట్జ్ నగరమున ఆటో లోవీ, ఒక కప్పగుండె చుట్టును ఉన్న ద్రవమును మఱియొక కప్పగుండెకు అందించి, మొదటిదాని వేగము తగ్గినట్లే రెండవదాని వేగమును తగ్గుట చూపెను. ఆ ద్రవ్యము ఎసిటైల్‌కోలిన్. తరువాత నార్‌అడ్రినలిన్, సెరొటోనిన్, గాబా, డోపమిన్, గ్లూటమేట్ ఒక్కొక్కటిగా మెదడునందు గుర్తింపబడినవి. ఒక కణము చివర వెలువడిన ప్రసారకము అత్యల్పమైన నాడీసంధిని దాటి, ఎదుటి కణముపై నున్న గ్రాహకములను తాకి, పని ముగిసిన పిదప తిరిగి లోనికి పీల్చుకొనబడుటయో, ఎంజైములచే విఱిగిపోవుటయో జరుగును. మనోరోగౌషధములలో అధికభాగము ఈ ప్రయాణములో ఎక్కడనో ఒకచోట అడ్డుపడునవియే.

ఐతే ఈ కథలో తొలి మలుపు ఐరోపాలో గాక మన అడవులలో పుట్టినదని చెప్పినచో అతిశయోక్తి కాదు. తూర్పుకనుమలలో పెరుగు పాతాళగంధి వేరును ఉన్మాదమునకును, నిద్రలేమికిని నాటువైద్యులు ఎన్నడో వాడియున్నారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథసేన్, కార్తీకచంద్ర బోస్ అను వైద్యులు ఉన్మాదమునకును, రక్తపుపోటునకును అది పనిచేయునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటు విషయమున దానిని పాశ్చాత్య పత్రికల కెక్కించెను. 1952లో స్విట్జర్లండునందలి సీబా కంపెనీ రసాయనవేత్తలు అందలి సారమును వేఱుచేసి రెసర్పిన్ అని పేరిడిరి. ఈ రెసర్పిన్ మెదడులోని సెరొటోనిన్‌ను ఖాళీచేయునని 1955లో అమెరికాలో బ్రోడీ ప్రయోగశాల చూపెను. రెండేండ్లకు స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్, రెసర్పిన్ ఇచ్చిన కుందేళ్ళు కదలక మెదలక పడియుండగా, వాటికి ఎల్-డోపా సూదిని పొడిచి, అవి కొలది నిమిషములలోనే లేచి తిరుగుట చూచి, డోపమిన్ స్వతంత్రముగ పనిచేయు ప్రసారకమని గ్రహించెను. నోబెల్ బహుమానము ఆయనకు 2000లో గాని రాలేదు. ఆ ఎల్-డోపాను మన పొలముగట్లమీద, తాకినంతనే ఒడలు దురదపెట్టించు దూలగొండి గింజలనుండి మదరాసు విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి అను పరిశోధకులు 1937లోనే వేఱుచేసియుండిరనునది మనవారు అంతగా చెప్పుకొనని సంగతి. ఉడిగిన చలనమును తిరిగి యిచ్చు ఎల్-డోపా మోతాదు మించినచో లేనివి కనబడుటయు, ఉన్మాదమును అణచు మందులు మోతాదు మించినచో చేతులు వణకి ఒడలు బిగిసికొనిపోవుటయు, ఈ రెంటిని ఒకేచోట పెట్టి చూచినవానికి డోపమిన్ విషయము సగము బోధపడినట్లే.

లోటు సిద్ధాంతము పుట్టినది కూడ పాతాళగంధి నీడలోనే. రక్తపుపోటునకై రెసర్పిన్ పుచ్చుకొన్నవారిలో కొందఱు దిగులుపడిపోయిరి. క్షయరోగులకిచ్చిన ఇప్రోనియజిడ్ అను మందు, ప్రసారకములను విఱుచు ఎంజైమును అడ్డగించి, కొందఱికి ఉత్సాహము కలిగించెను. 1957లో స్విస్ వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ కుంగుబాటును తగ్గించునని చెప్పెను. నార్‌అడ్రినలిన్ తిరిగి లోనికి పోకుండ ఇమిప్రమిన్ వంటి మందులు ఆపుచున్నవని 1961లో జూలియస్ ఆక్సెల్‌రాడ్ కనుగొనెను. ఈ నాలుగింటిని కూర్చి, 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్, కుంగుబాటునందు ప్రసారకములు కొఱవడుచుండవచ్చునని, చాల జాగ్రత్తతో, ఒక ఊహగానే ప్రతిపాదించెను. జాగ్రత్త ఆయనది, ధీమా తరువాతి వ్యాపారప్రకటనలది. ఇంతకును రెసర్పిన్‌నే దిగులుతో కూడిన ఆందోళనకు ఇచ్చి చూచి, మేలు కలిగినదని 1955లోనే లండనులో డేవీస్, షెపర్డ్ ప్రకటించియుండిరి. ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు తక్కువ.

మన హైదరాబాదు ఈ కథలో ప్రేక్షకపాత్ర వహించినది కాదు. బాలానగర్‌లోని ప్రభుత్వ ఔషధసంస్థ ఐ.డి.పి.యల్.లో పని నేర్చుకొన్న కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ తొలుత చేసిన మందులలో ముఖ్యమైనది మిథైల్‌డోపా. అది శరీరములో నార్‌అడ్రినలిన్‌ను పోలిన ఒక మాఱుద్రవ్యముగా మారి, పోటును తగ్గించుచు, మగతను, కొందఱికి దిగులును కలిగించునది. అదే కంపెనీ 2001 ఆగస్టులో ఫ్లూఓక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గుళికను, అనగా జగత్ప్రసిద్ధమైన ప్రోజాక్ మందు యొక్క చౌకరూపమును, అమెరికా విపణిలో నూటయెనుబది దినముల ప్రత్యేకహక్కుతో ప్రవేశపెట్టెను. అట్టి హక్కు పొందిన భారతీయ సంస్థలలో అదియే మొదటిది. అమెరికా గృహిణి సెరొటోనిన్ మాత్ర హైదరాబాదునుండి పోవుచుండగా, కొత్తపేట గృహిణి తన మాత్రను కొంగుచాటున దాచుకొని పోవుచుండెను.

ఆ ఫ్లూఓక్సెటిన్ జాతి మందులే లోటు సిద్ధాంతమునకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినవి. మాత్ర మ్రింగిన కొలదిగంటలలో నాడీసంధియందు సెరొటోనిన్ పెరుగును. మనస్సు తేటపడుటకు మాత్రము రెండు మొదలు ఆఱు వారములు పట్టును. లోటు పూడినంతనే రోగము తీరవలసియుండగా ఈ జాప్యమేల? తొలిదినములలో సెరొటోనిన్ పెరుగుటను పసిగట్టిన కణములు, తమపైనున్న కొన్ని గ్రాహకముల ద్వారా, తమ విడుదలను తామే తగ్గించుకొనును. వారములు గడచినకొద్దీ ఆ గ్రాహకములు మొద్దుబారును. విడుదల మరల సాగును. దానితోబాటు కణములు క్రొత్తశాఖలు వేయుటకు తోడ్పడు పోషకద్రవ్యములు పెరుగునని జంతుప్రయోగములు తెలుపుచున్నవి. అనగా మందు చేయు పని మొదటిగంటలోనే ముగిసినది. అటుపిమ్మట జరుగునదంతయు మెదడు చేయు పని. మొదటివారములో వికారము, అలజడి ముందు వచ్చి, మేలు వెనుక వచ్చుటకు కారణము కూడ ఇదియే. ఈ సంగతి చెప్పకుండ చీటీ వ్రాసిన వైద్యుని రోగి పదవనాడు మందు మానివేసి, "పడలేదు" అనును.

2022లో లండనునుండి జొవన్నా మాన్‌క్రీఫ్ బృందము పూర్వపరిశోధనల నన్నింటిని కలిపి పరీక్షించి, కుంగుబాటునకు సెరొటోనిన్ తక్కువగుటయే కారణమనుటకు స్థిరమైన సాక్ష్యము లేదని ప్రకటింపగా పత్రికలలో దుమారము చెలరేగినది. వైద్యులలో చాలమందికి అది క్రొత్తవార్త కాదు. దానినిబట్టి మందులే పనిచేయవని వాదించుట మాత్రము పొరపాటు: 2018లో చిప్రియానీ బృందము 522 పరీక్షలను, 1,16,477 మంది రోగులను లెక్కలోనికి తీసికొని, పరిశీలించిన 21 మందులును ఉత్తుత్తి మాత్రకంటె మెఱుగని తేల్చెను. మెఱుగే గాని బహుమెఱుగు కాదు. అమెరికాలో 2006 ప్రాంతమున ముగిసిన స్టార్-డి అను విస్తృతపరీక్షయందు మొదటిమందుతో పూర్తిగా కోలుకొన్నవారు ఇంచుమించు మూడవవంతు మాత్రమే. కారణము తెలియకుండనే మేలు చేయు మందులు వైద్యశాస్త్రమున కొల్లలు. కల్పించిన కారణమును రోగికి అంటగట్టుటయే నాకు నచ్చనిది, ఏలయన తన మెదడులో జన్మతః ఏదో కొఱవడినదని నమ్మినవాడు మంచమునుండి లేచుటకు తాను చేయదగినది లేదనుకొనును.

డోపమిన్ కథ ఇంతకంటె గట్టిది. 1952లో ప్యారిసులో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజిన్‌ను ఉన్మాదరోగులకిచ్చి ఫలితము పొందిరి. ఆ మందులు డోపమిన్ గ్రాహకములను మూయునని 1963లో కార్ల్‌సన్ సూచించెను. ఏ మందు డి2 అను గ్రాహకమునకు ఎంత గట్టిగా అంటుకొనునో, దాని మోతాదు అంత స్వల్పముగా సరిపోవునని 1975-76లలో టొరంటోలో సీమన్, బాల్టిమోరులో స్నైడర్ కొలిచి చూపిరి. 2000లో శితిజ్ కపూర్ బృందము హాలోపెరిడాల్ పుచ్చుకొనుచున్న రోగుల మెదడులను చిత్రించి, గ్రాహకములలో 65 శాతము మూతపడినచో గుణము కనబడుననియు, 78 శాతము దాటినచో వణకు, బిగుసుకొనుట మొదలగుననియు తెలిపెను. ఆ రెండు అంకెల నడుమనున్న ఇఱుకుదారియే మనోవైద్యుని పని. ఈ బిగువునకు విఱుగుడుగా ఇచ్చు ట్రైహెక్సీఫెనిడిల్, డోపమిన్ తగ్గినచోట పైచేయియైన ఎసిటైల్‌కోలిన్‌ను అణచును. అందుచేత నోరు ఎండును, మలబద్ధము కలుగును, వృద్ధులకు మతిమఱపు వచ్చును. ఇక రిస్పెరిడోన్ వంటివి పుచ్చుకొను స్త్రీలలో కొందఱికి, డోపమిన్ అదుపు తప్పి ప్రొలాక్టిన్ హెచ్చుటచే, నెలసరి ఆగిపోవును. పెండ్లికాని పిల్ల విషయమున ఇది ఇంటిలో ఎట్టి గందరగోళమునకు దారితీయునో ఊహింపవచ్చును.

కొత్తపేటలో ఒక మెడికల్ షాపు ముందు నే విన్న సంభాషణ ఇట్లుండెను. నడివయస్సు స్త్రీ నాలుగు మడతలు పడి చిరిగిన చీటీని కౌంటరుమీద పఱచి, "అన్నా, పిలగాడు మంచిగైండని రెండు నెలలసంది గోలీలు బంద్ చేసినం. ఇప్పుడు మల్ల నిద్ర పోతలేడు, ఒక్కడే మాట్లాడుకుంటుండు. గవే ఒక షీటు ఇయ్యరాదే" అనెను. దుకాణదారు చీటీపై తేదీ చూచి, "అక్కా, ఇది నిరుటి చీటీ. గట్ల ఇయ్యొద్దు, సార్‌కు చూపించుకొని రా" అనెను. ఆమె చేసినదానిలో అవివేకమేమియు లేదు. జ్వరము తగ్గిన పిదప మాత్ర మానునట్లే మానినది. కాని డోపమిన్ గ్రాహకములు దీర్ఘకాలము మూతపడియున్నప్పుడు, మాట వినరానివాడు చెవి రిక్కించునట్లు, మెదడు గ్రాహకముల సంఖ్యను, సూక్ష్మతను పెంచుకొనును. ఆ స్థితిలో మూత ఒక్కసారిగా తొలగినచో, సాధారణమైన డోపమిన్ కూడ వఱదయై తోచును. ఏండ్లతరబడి మందు వాడినవారిలో కొందఱికి పెదవులు, నాలుక వాటంతట అవియే కదలుచుండు జబ్బు వచ్చుటకును ఈ సూక్ష్మతయే కారణమని భావింపబడుచున్నది.

సర్దుబాటు ఎంత దారుణమైన రూపము దాల్చగలదో తెలంగాణము ప్రత్యేకముగ అనుభవించినది, అదియు మందులషాపులో గాక కల్లుదుకాణములో. ఈదులు, తాళ్ళు చాలినన్ని లేనిచోట నీటిని కల్లుగా అమ్ముటకై, అందులో తొలుత క్లోరల్ హైడ్రేటును, పిదప డయజిపామ్‌ను, అటుపై అల్ప్రాజొలమ్‌ను కలుపు దురాచారము పలుజిల్లాలలో దశాబ్దములుగా సాగినది. ఈ మూడును గాబా అను శాంతకర ప్రసారకము యొక్క గ్రాహకముపైననే పనిచేసి, నాడీకణములలోనికి క్లోరైడును ప్రవహింపజేసి, వాటి ఉద్రేకమును అణచునవి. ప్రతిసాయంకాలము ఆ గ్రాహకమును ఎవరో వెలుపలినుండి నొక్కుచుండగా, మెదడు దాని స్పందనను మందగింపజేసి, ఉద్రేకమును కలిగించు గ్లూటమేట్ పక్షమును బలపఱచుకొని, ఎట్టకేలకు సమతూకము సాధించును. త్రాగువాడు తాను కల్లు త్రాగుచున్నాననియే యనుకొనును. కూలిపని ముగించుకొని ఇంటికి పోవుచు సీసా కొనిపోవు తల్లియు అట్లే యనుకొనును.

2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీపై ఒక్కసారిగా విరుచుకుపడెను. రెండుమూడు దినములలోనే నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలకొలది జనులు వణకుచు, నిద్రలేక, పొంతనలేని మాటలాడుచు, మూర్ఛలతో ఆసుపత్రులపాలైరి. ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల వరండాలు నిండినవి. ప్రాణములు కోల్పోయినవారును కలరు. విషము త్రాగుటచే గాదు, విషము అందకపోవుటచే కలిగిన వ్యాధి ఇది. అణచు చేయి తొలగినది, దానికి ఎదురొడ్డి పెంచుకొన్న గ్లూటమేట్ బలము అట్లే నిలిచినది. డయజిపామ్ శరీరమునుండి దినములతరబడి మెల్లగా తొలగిపోవును గనుక, దాని విరామము కొంత నెమ్మదిగ తెలియును. అల్ప్రాజొలమ్ ఇంచుమించు పదునొకండు గంటలకు సగమగును గనుక, మఱునాటికే ఒడలు దాని కొఱకు కేకలుపెట్టును. వైద్యులు చేసిన చికిత్స చూపఱులకు వింతగా తోచియుండును: అదే జాతి మందును కొలతతో మరల ఇచ్చి, క్రమక్రమముగా తగ్గించుటయే. దాడిచేసిన శాఖవారు చట్టమును ఎఱిగిరేగాని గాబాను ఎఱుగరు. దాడికి ముందే ఆసుపత్రులకు మందు చేరియున్నచో కొన్ని ప్రాణములు నిలిచెడివి. నగర శివారులలోని రసాయన కర్మాగారములలో దొంగచాటుగ అల్ప్రాజొలమ్ తయారుచేయుచు పట్టుబడిన ఉదంతములు ఆ తరువాతను వెలువడుచునే యున్నవి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్లు త్రాగినవారు మరణింపగా, నమూనాలలో మరల అల్ప్రాజొలమే బయటపడెను.

దుకాణమున కల్లుగా దొరకునది, దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో నిద్రమాత్రగా దొరకును. 2014 నుండి అల్ప్రాజొలమ్ అమ్మకమును ప్రత్యేక రిజిస్టరులో వ్రాయవలెనన్న నిబంధన కలదు. ఐనను మిత్రుని షీటునుండి సగము మాత్ర అరువు తెచ్చుకొని పరీక్ష ముందునాడు పండుకొను యువకునికి ఏ రిజిస్టరును అడ్డురాదు. నెల తిరుగునప్పటికి మాత్ర లేనిదే కన్ను మూతపడదు. అది తన పాతజబ్బేయని యాతడు తలచును.

2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లోని కోణార్క్, వెంకటాద్రి సినిమాహాళ్ళ పరిసరములలో ప్రేలిన రెండు బాంబుల సంగతి ఈ ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి భీతిని చవిచూచినవారిలో కొందఱికి, టైరు పగిలిన చప్పుడునకే నార్‌అడ్రినలిన్ ఉప్పొంగి గుండె దడదడలాడును. దానిని అడ్డగించు ప్రజోసిన్ పీడకలలను పోగొట్టునని మొదట ఆశ కలిగినను, 2018లో అమెరికా మాజీ సైనికులపై జరిగిన పెద్దపరీక్షలో ఆ ఆశ నెఱవేఱలేదు. అల్ప్రాజొలమ్ జాతి ఇట్టివారికి తాత్కాలికముగ సుఖము నిచ్చినను వ్యాధిని కుదుర్పదు. ఇక్కడ మాటలతోడి చికిత్సయే ముందు నిలుచుచున్నది.

ఏ గ్రాహకమునకును అంటుకొనని లిథియమును ఈ పటములో ఎక్కడ నుంచవలెనో నేటికిని తగవే. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని గుణమును కనుగొన్నప్పుడు ప్రసారకముల మాటయే వైద్యుల నోట లేదు. అది కణముల లోపలి సంకేతములను మార్చునందురు. రక్తమున లీటరుకు 0.6 మొదలు 1.0 మిల్లీమోల్ వఱకు ఉండవలసిన ఈ లవణము, మే మాసపు ఎండలో చెమట కారినను, నొప్పిమాత్రలు అదేపనిగా మ్రింగినను హద్దుమీఱి విషమగును. కావున ఎండకాలమునకు ముందు రక్తపరీక్ష చేయించుకొమ్మని చెప్పుట ఈ ఊరి వైద్యులకు ఒక నియమము కావలెను. గ్లూటమేట్‌ను తాకు కెటమిన్ గంటలలోనే కుంగుబాటును తగ్గించుటయు, 2024లో అమెరికా ఆమోదించిన క్జానోమెలిన్ డోపమిన్ గ్రాహకమును మూయకుండ, ఎసిటైల్‌కోలిన్ మార్గమున ఉన్మాదమును తగ్గించుటయు, ఒక వ్యాధికి ఒక ద్రవ్యమన్న పాతలెక్కను చెదరగొట్టినవి.

2015-16లో బెంగళూరునందలి మానసికారోగ్య సంస్థయైన నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో జనాభాయందు నూటికి పదిమందికి పైగా ఏదో మానసికవ్యాధితో నున్నారనియు, వారిలో అత్యధికులకు చికిత్స అందుటలేదనియు తేలినది. ఐతే ఆ సర్వే జరిగిన పండ్రెండు రాష్ట్రములలో తెలుగురాష్ట్రమొక్కటియు లేదు. 2022 నుండి 14416 సంఖ్యపై టెలీ-మానస్ అను ప్రభుత్వ సహాయవాణి తెలుగులోను పలుకుచున్నది. మందు మొదలుపెట్టించుటకు ఇన్ని దారులు తెఱచుకొనుచుండగా, మాన్పించు దారి మాత్రము ఇఱుకుగానే యున్నది. సెరొటోనిన్ మందుల సాధారణ మోతాదునకే, ఆ ప్రసారకమును లోనికి పీల్చు ద్వారములలో ఇంచుమించు 80 శాతము మూతపడును. మోతాదు రెట్టించినను అంతకుమించి మూతపడునది స్వల్పము. అందుచేత 20 మిల్లీగ్రాములనుండి 10కి దిగుట మెదడునకు చిన్నమెట్టు. 5నుండి సున్నకు దిగుట నిట్టనిలువు దిగుడు. ఏండ్లతరబడి వాడినవారికి తలతిరుగుడు, విద్యుత్తు తగిలినట్లు జలదరింపు, ఏడ్పు కలుగునది ఆ చివరిమెట్టుననే. రోగము తిరుగబెట్టినదని భ్రమించి మరల మొదటినుండి మందు పెట్టుటయు అక్కడనే జరుగును. ఎస్సిటాలోప్రామ్ మన షాపులలో సాధారణముగ దొరకు కనిష్ఠపు మాత్ర 5 మిల్లీగ్రాములు. దానికి దిగువనున్న మెట్లను వైద్యుడు కాగితముమీద గీసి యియ్యవలెను. ఒక మిల్లీగ్రామును, అర మిల్లీగ్రామును కొలిచి యిచ్చు ద్రవరూపపు మందును షాపువాడు తెప్పించి యుంచవలెను.